పక్క సీటు

గాలి తలుపును లాక్కుపోకుండా ఆర్డిస్ దాన్ని తుంటితో ఆపి, తల్లి మోచేతి కింద చెయ్యి పెట్టింది. లొరీన్ వెనక్కి తిరిగి ముందు సీటు అంచున కూర్చుంది. తర్వాత రెండు మోకాళ్లూ జోడించి, ఒళ్లంతా ఒకే ముక్కలా లోపలికి తిప్పింది. నడుముకి ఆపరేషను అయినప్పటి నుంచి ఆమె బండి ఎక్కే పద్ధతి అదే. కూర్చోగానే తలుపు పైనున్న పట్టీని కుడిచేత్తో అందుకుంది. ఇంజను ఇంకా మొదలు కానే లేదు.

“ఎట్లా ఉంది సీటు?” అన్నాడు తండ్రి రాయిస్ అటువైపు నుంచి ఎక్కుతూ. టోపీ తీసి ముందు అద్దం దగ్గర పడేశాడు. “కొత్త తోలు వాసన చూడు.”

“బాగుంది” అంది లొరీన్.

వాళ్ల పాత పికప్పు కిందటి వారం గేరుపెట్టె పోయి కొట్టం వెనక్కి చేరింది. ఊళ్లో బండ్లమ్మే స్కిప్ రెండు బండ్లు తోలి పంపాడు. వారం పాటు రెండూ వాడి, నచ్చింది ఉంచుకుని రెండోది వెనక్కి పంపెయ్యమన్నాడు. తెల్లది బరువులు లాగే బండి. దాని వెనక ఇరుసు మీద స్ప్రింగులుగా కమాను పట్టీలు దొంతరగా పేర్చి ఉంటాయి. బూడిదరంగుది కొంచెం చిన్నది, చుట్ట స్ప్రింగులది. వారంలో రెండుసార్లు లొరీన్‌ని ఊళ్లో ఆస్పత్రికి, కాలి వ్యాయామానికి తీసుకెళ్లాలి. ఇవాళ ఆ రోజు. రాయిస్ తెల్లదాని తాళాలే తీశాడు.

బడికి సెలవులు కాబట్టి ఆర్డిస్ కూడా బయలుదేరింది. సెలవులు కాకపోయినా ఎవరో ఒకరు వెళ్లాల్సిందే. ఆ ఇసుక తిప్పల్లో ఎవరింట్లోనైనా ఒకటే ఆచారం. నడిపేవాడు దిగడు, పక్కన కూర్చున్నవాళ్లే గేట్లు తీస్తారు. పెళ్లయిన నాటి నుంచి పక్క సీటు లొరీన్‌ది, గేట్లూ ఆమెవే. ఆపరేషను తర్వాత గేట్లు మాత్రం ఆర్డిస్‌కి వచ్చాయి. సీటు లొరీన్‌కే ఉండిపోయింది.

మొదటి తీగ గేటు దగ్గర ఆర్డిస్ దిగింది. గుంజను భుజంతో హత్తుకుని, బలమంతా పెట్టి లోపలికి తోస్తే గాని దానికి తగిలించిన తీగ ఉచ్చు వదలదు. గేటు ఈడ్చి, బండి దాటాక మళ్లీ ఈడ్చి, ఉచ్చు తగిలించి వచ్చేసరికి కళ్లల్లో ఇసుక పడింది.

ఇసుక తిప్పలు దాటాక కంకర రోడ్డు వచ్చింది. పశువుల లారీలు తిరిగి తిరిగి దాన్ని ముడతల రేకులా చేసి పెట్టాయి. ఖాళీ బండి వెనక భాగం కొత్తగా జీను వేసిన గుర్రంలా ఎగిరెగిరి పడసాగింది.

“చూశావా, ఎంత నిలకడగా పోతోందో” అన్నాడు రాయిస్. “వేలితో తిప్పితే తిరుగుతోంది. పాతదైతే ఈపాటికి ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సి వచ్చేది.”

“ఊఁ.”

ఎదురుగా ఎవరిదో బండి వచ్చింది. రాయిస్ పలకరింపుగా స్టీరింగు మీంచి ఒక వేలు పైకెత్తాడు. అవతలివాడూ ఎత్తాడు. దుమ్ములోంచి బయటపడేసరికి బండి, పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా పరిచిన ఇనప గొట్టాల గట్టు మీదకెక్కి దబదబా కొట్టుకుంది. పట్టీ పట్టుకున్న తల్లి చేతి కణుపులు తెల్లబడ్డాయి. వాటిని చూడకుండా ఉందామని ఆర్డిస్ కిటికీ వైపు తిరిగింది. కొద్దిసేపటికే చూపు మళ్లీ అక్కడికే వచ్చింది. పోతున్నంతసేపూ రాయిస్ పుట్టిన దూడల సంగతీ, పుట్టబోయే దూడల సంగతీ చెబుతూనే ఉన్నాడు. లొరీన్ ప్రతిదానికీ ఊఁ కొట్టింది. ఒక్కో ఊఁ మధ్యలో తెగిపోతోంది.

ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి లొరీన్ ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి చూసి మొహం చిట్లించింది.

“ఏంటి లొరీన్, పోయిన వారం కంటే ఇవాళ బిగుసుకుపోయారు? ఇంట్లో చేస్తున్నారా, ఎగ్గొడుతున్నారా?”

“చేస్తున్నా.”

“చెయ్యాలి మరి. ఈ కాలు ఇప్పుడు లొంగితే లొంగినట్టు. ఇప్పుడు వదిలేశారంటే జీవితమంతా ఈడ్చుకుంటూ నడవాల్సిందే. తర్వాత మీరొచ్చి ఏడ్చినా నేనేం చెయ్యలేను.”

లొరీన్ నవ్వింది. గోడవారన కూర్చున్న ఆర్డిస్ తన చేతి తొడుగు దారాలు లాగుతూ ఉండిపోయింది.

సాయంత్రం రాయిస్ తొలిచూలు పడ్డల దగ్గరికి వెళ్లాడు. ఆర్డిస్ వెనక గదిలో బూట్లు విప్పుతోంది. వంటింట్లోంచి తల్లి గొంతు వినిపించింది. ఫోన్లో మాట్లాడుతోంది.

“శుక్రవారం రాను. లేదు, ఆ తర్వాత కూడా వద్దు, మొత్తం తీసెయ్యండి... దూడలు పుట్టే రోజులు కదమ్మా, మా ఆయనకి తీరిక లేదు... అవును. తెలుసు. నాకు తెలుసులే.”

ఆర్డిస్ ఒక కాలికి బూటుతోనే వంటింట్లోకి వచ్చేసింది. లొరీన్ ఫోను పెట్టి, పొయ్యి మీద పులుసు కలుపుతోంది.

“మీ నాన్నకి చెప్పకు” అంది వెనక్కి తిరక్కుండానే.

“అమ్మా, ఆ అమ్మాయి ఏమందో విన్నావు కదా.”

“విన్నాను. వెళ్లిన ప్రతిసారీ తను సాగదీసి పంపుతుంది, ఇంటికొచ్చేసరికి మళ్లీ ముడుచుకుపోతుంది. రెండు రోజులు పడుకుంటే గాని లేవలేకపోతున్నాను. మళ్లీ పరుగు. ఎవరి కోసం ఆర్డీ ఇదంతా?”

“నాన్నకి చెప్తే నెమ్మదిగా నడుపుతాడు.”

“నడుపుతాడు. ఓ మైలు.” లొరీన్ గరిటె ఎత్తి ఉప్పు చూసింది. “అసలే నిద్ర లేక చస్తున్నాడు. ఇదొక బరువెందుకు? చెప్పనని మాటివ్వు.”

ఆర్డిస్ మాటిచ్చింది. ఇవ్వగానే ఎందుకిచ్చానా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే పెదనాన్న డ్వెయిన్ వచ్చాడు. బండి కొనడమన్నా గుర్రం కొనడమన్నా తను లేకుండా జరగకూడదని ఆయన నమ్మకం. బండ్లు రెండింటి చుట్టూ తిరిగాడు, కింద దూరి చూశాడు, చక్రాల్ని తన్నాడు.

“బూడిదది పెళ్లికూతురు కూర్చునే బండి. దీనికి పేడ వాసన తగిలితే మూర్ఛపోతుంది.”

“లాగించి చూద్దాం, అదే చెప్తుంది” అన్నాడు రాయిస్.

దక్షిణం వైపు మేత నుంచి పడ్డల్ని ఇంటి దొడ్డికి తేవాలి. సగం పడ్డల్ని ట్రైలరుకెక్కించి బూడిదరంగు బండికి తగిలించారు. గేట్లు తియ్యడానికి ఆర్డిస్ వెనక కూర్చుంది. బరువు పడగానే బండి వెనక కూలబడి ముక్కు పైకెత్తింది. దిగుడులో ట్రైలరు వెనక నుంచి తోసుకురావడం మొదలుపెట్టింది. రాయిస్ పళ్లు బిగించి స్టీరింగుని అటూ ఇటూ తిప్పాడు.

“దూడ ఎద్దుని లాక్కుపోతోందిరా రాయిస్. ఆ ఎద్దునే అడుగు, ఎక్కడ ఆగాలనుకుంటుందో.”

“నోరు మూసుకో డ్వెయిన్.”

మిగతా సగాన్ని తెల్లబండి తెచ్చింది. అదే దారి, అదే గుంటలు. నిన్న ఎగిరి పడ్డ బండి ఇవాళ ఒక్కసారి కూడా ఉలికిపడలేదు. బరువుకి కమానులు అణిగి, మొత్తం బండి ఊయలలా మెత్తగా ఊగుతూ వచ్చింది. ఆర్డిస్ ఆశ్చర్యంగా సీటు మీద అరచెయ్యి పెట్టి చూసింది. అసలు ఇది నిన్నటి బండేనా అనిపించింది.

“బరువు మీద పడితేగాని దీనికి బుద్ధి రాదు” అన్నాడు డ్వెయిన్. “అలాంటివాళ్లు మన ఇళ్లల్లోనూ ఉన్నార్లే.”

మధ్యాహ్నం భోజనాల దగ్గర రాయిస్ తీర్పు చెప్పేశాడు. మాంసం పులుసులో రొట్టె ముంచుకుంటూ, “తెల్లదే. వేరే మాట లేదు. చేతికి లొంగుతుంది, బ్రేకు పట్టుకుంటుంది. ఇక కూర్చోడానికంటావా, కాఫీ కప్పు పెట్టుకుంటే చుక్క ఒలకదు. ఏమంటావు లొరీన్?”

“మీరిద్దరూ చూశారుగా” అంది లొరీన్. కూర్చోకుండా వంటగట్టుకి ఆనుకుని నిలబడింది.

“నిన్న...” అంది ఆర్డిస్.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. తల్లి చూపు మిగతా ఇద్దరి చూపులా లేదు.

“నిన్న ఏంటి?” అన్నాడు రాయిస్.

“ఏం లేదు.”

“ఈ పిల్ల నోట్లోంచి మాట రావాలంటే తీగ గేటు తీసినట్టు భుజమేసి తొయ్యాల్సిందే” అన్నాడు డ్వెయిన్. అందరూ నవ్వారు. ఆర్డిస్‌కి చెవుల దాకా వేడెక్కింది. పళ్లెం తీసుకుని లేచింది. కడిగిన పళ్లేన్నే మళ్లీ కడిగింది. తరువాత బయటికెళ్లి తెల్లబండి వెనక చక్రాన్ని, పెదనాన్న తన్నినచోటే, బూటుతో ఒక తన్ను తన్నింది. కాలే నొప్పి పుట్టింది.

గురువారం పొద్దున తండ్రీ కూతుళ్లు తెల్లబండిలో మేత వెయ్యడానికి వెళ్లారు. ఆర్డిస్ స్టీరింగు ముందు కూర్చుంది. అన్నిటికంటే కింది గేరులో బండి మనిషి నడకంత వేగంతో తనంతట తానే పోతోంది. రాయిస్ వెనక నిలబడి, గడ్డి చుట్టకు కట్టిన వల కోసి, పొరలు పొరలుగా పారతో కిందికి తోస్తున్నాడు. ఆవులు వరసకట్టి వెంట వస్తున్నాయి. ఆ పని ఆమెకి కాళ్లు పెడలుకి అందని వయసులోనే వచ్చు. అప్పుడు సీటు మీద మోకాళ్లతో నిలబడి తిప్పేది.

గడ్డి అయిపోయింది. రాయిస్ పైకప్పు మీద రెండు దెబ్బలు కొట్టి దిగాడు. నడిపేవైపు తలుపు తెరిచాడు. అలా తెరవగానే ఆర్డిస్ పక్క సీటులోకి జరగాలి. ఎప్పుడూ జరిగేది. ఇవాళ స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని కదలకుండా కూర్చుంది.

“జరుగు.”

“నేను తోల్తాను నాన్నా. రోడ్డు మీది ఉత్తరాల డబ్బా దాకా వెళ్లొద్దాం.”

“ఎందుకూ?”

“ఊరికే.”

గొంతు తనకే కొత్తగా వినిపించింది. రాయిస్ ఆమెని ఒక క్షణం చూసి, భుజాలెగరేసి అటువైపు తిరిగి వెళ్లాడు. ఎక్కి, ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని మూత తిప్పాడు.

గేటు దగ్గర ఆర్డిస్ బండి ఆపింది. రాయిస్ కాఫీ పోసుకుంటున్నాడు. ఇద్దరూ ముందుకి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి అతను కూతురి వైపు తిరిగాడు, గేటు వైపు చూశాడు, “ఓహో” అన్నాడు. కప్పు పెట్టి దిగాడు. ఉచ్చు వదల్చలేక రెండుసార్లు తోశాడు. వచ్చి ఎక్కేసరికి ఆయాసపడుతున్నాడు.

“ఆ గుంజ ఎవరు అంత బిగించారు?”

“నువ్వే.”

కంకర రోడ్డు ఎక్కగానే ఆర్డిస్ వేగం పెంచింది. తండ్రి రోజూ పోయే వేగానికి ముల్లు వచ్చేదాకా పెంచి, అక్కడే ఉంచింది. గుంటలు ముందే కనిపిస్తున్నాయి. ప్రతి గుంటకీ ఆమె ఒళ్లు దానంతటదే సర్దుకుంటోంది. స్టీరింగు పట్టుకున్న చేతులు బరువు మోస్తున్నాయి. వెనక సీట్లో ఇన్నాళ్లుగా కూర్చున్నదానికి ఇప్పటిదాకా ఈ సంగతి తెలియనే తెలియదు. నడిపేవాళ్లకి ఈ రోడ్డు ఇంత దయగా ఉంటుందని.

పక్కన రాయిస్ కాఫీ తాగబోయాడు. కాఫీ గడ్డం మీద పడింది. రెండో గుంటకి చొక్కా మీద పడింది. ఖాళీ బండి వెనక భాగం పక్కకి గెంతేసరికి అతని తల కిటికీకి తగిలింది.

“నెమ్మది, నెమ్మది.”

“నువ్వు ఇంతే పోతావు నాన్నా.”

రాయిస్ మీటరు వైపు వంగి చూశాడు. ఇనప గొట్టాల గట్టు వచ్చింది. ఆర్డిస్ కాలు తియ్యలేదు. దబదబమంది. రాయిస్ నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. అతనికి నడుము నొప్పి లేదు. ఆపరేషను లేదు. దున్నపోతంత మనిషి.

డబ్బా దగ్గర ఆగాక అతను చాలాసేపు దిగలేదు. చొక్కా మీద కాఫీ మరకని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

“మీ అమ్మ ఏమైనా అందా?”

“లేదు.”

“ఏమీ అనలేదా?”

“అమ్మ ఏమీ అనదు నాన్నా. నువ్వడిగితే బాగుందంటుంది.”

రాయిస్ దిగి ఉత్తరాలు తీసుకొచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆర్డిస్ నెమ్మదిగా నడిపింది. అయినా అతను కళ్లు రోడ్డు మీదే పెట్టి, ఒక్కో గుంట రాకముందే ఒంటిని బిగపట్టడం ఆమెకి కనిపిస్తూనే ఉంది.

ఇంట్లోకి వస్తూనే అతను బూట్లైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“బూడిదది తీసుకుందాం” అన్నాడు.

లొరీన్ పిండి పిసుకుతోంది. చేతులాపి భర్త మొహం చూసింది, తర్వాత కూతురి మొహం చూసింది. ఆర్డిస్ తల అడ్డంగా ఊపింది. చెప్పలేదని.

“నిన్న తెల్లదన్నావుగా” అంది లొరీన్.

“నిన్న వెనక పడ్డలున్నాయి. ఖాళీగా నడిపి చూడలేదు. అంటే, నడిపాను. పక్కన కూర్చుని చూడలేదు.” టోపీ తీసి చేతిలో తిప్పాడు. “నువ్వెట్లా కూర్చున్నావే ఇన్ని రోజులు?”

“కూర్చున్నాను.”

“చెప్పొచ్చుగా.”

“ఏమని చెప్పను? నువ్వు అప్పటికే బాగుందనేవాడివి.” లొరీన్ పిండి మీద తడిగుడ్డ కప్పింది. “చెప్పే బదులు ఆస్పత్రికి వెళ్లడమే మానేశాను. మొన్న ఫోను చేసి మొత్తం వద్దన్నాను.”

రాయిస్ గుమ్మానికి ఆనుకున్నాడు. గాలికి వెనక తలుపు కొట్టుకుంటోంది. ఎవరూ వెళ్లి మూయలేదు.

“అందుకే బూడిదది” అన్నాడు చివరికి. “మెత్తగా ఉంటుంది.”

“పడ్డల్ని ఎవరు లాగుతారు?”

“డ్వెయిన్ బండి అడుగుతాను.”

“ప్రతిసారీనా? ఏడాది తిరిగేసరికి మీరిద్దరూ మాట్లాడుకోరు. దిగుడులో ట్రైలరు తోసుకొచ్చిందని డ్వెయిన్ వాళ్లావిడ నాకు ఫోను చేసి మరీ చెప్పింది. మెత్తటి సీటులో కూర్చుని నువ్వెప్పుడు గుంటలో పడతావా అని చూస్తుండాలా?” ఆమె చేతులు తుడుచుకుంది. “తెల్లదే ఉంచు.”

“లొరీన్, నీ నడుము...”

“నేను నడుపుతాను.”

రాయిస్‌కి అర్థం కాలేదు. ఆర్డిస్‌కి కూడా వెంటనే అర్థం కాలేదు. తల్లి బండి నడపడం ఎప్పుడు చూసిందా అని వెతుక్కుంది. తండ్రి ఇంట్లో ఉన్న రోజున ఒక్కసారి కూడా చూడలేదు.

“డాక్టరు వద్దన్నాడుగా.”

“మంచు కరిగేదాకా వద్దన్నాడు. కరిగి ఎన్నాళ్లయింది? మళ్లీ నన్నెవరూ అడగలేదు. నువ్వు తాళాలు తీస్తావు, నేను అటువైపు ఎక్కుతాను. అంతే.” ఆమె గొంతు పెంచలేదు. “గుంట ఎక్కడుందో నాకు కనిపించాలి రాయిస్. నేను తప్పించుకుంటాను. వెనక నాలుగు దాణా బస్తాలు వేసిపెట్టు, అంత ఎగరదు. అది కూడా బరువుంటేనే కదా బుద్ధిగా ఉండేది?”

“దారంతా తిప్పుకుంటూ పోతే సాయంత్రమవుతుంది.”

“కానివ్వు. నీకు తొందరైతే ఇంట్లో ఉండు. ఆర్డీ గేట్లు తీస్తుంది.”

ఆమె గోడకున్న ఫోను తీసింది. శుక్రవారం చోటు ఇంకా ఉందా అని అడిగింది. అవతలివాళ్లు వెతికేంతసేపూ ఫోను తీగను వేలికి చుట్టుకుంటూ నిలబడింది. “సరే అమ్మా, పొద్దున్నే వస్తాం” అంది లొరీన్.

శుక్రవారం రాయిస్ ఇంట్లో ఉండలేదు. పడ్డల్ని డ్వెయిన్‌కి అప్పజెప్పి, శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చి పక్క సీటు ఎక్కాడు. దొడ్డి దగ్గర నిలబడి చూస్తున్న డ్వెయిన్ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

“ఏంట్రా, లైసెన్సు లాక్కున్నారా?”

“పడ్డల్ని చూడు నువ్వు.”

లొరీన్ సీటు ముందుకి జరుపుకుంది. అద్దం తన కంటికి వంచుకుంది. కంకర రోడ్డు మీద బండి అందరూ పోయే చాళ్లల్లో పోలేదు. ఒకచోట ఎడమ అంచుకి, ఒకచోట గడ్డి పరకలు తగిలేంత కుడికి, లారీ చక్రాలు ఎక్కడ తొక్కలేదో అక్కడల్లా వెతుక్కుంటూ పోయింది. ఇనప గట్టుకి చాలా ముందే కాలు తీసేసింది. గొట్టాలు ఒక్కొక్కటిగా వేరువేరుగా వినిపించాయి. ఇరవై ఏళ్లు కిటికీలోంచి చూసిన రోడ్డు ఆమెకి కంఠతా వచ్చినట్టుంది.

నొప్పి లేదని కాదు. మధ్య మధ్య పెదవి కొరుక్కుంటోంది. కాని ఆర్డిస్ వెనక నుంచి వింటోంది, ఈసారి తల్లి మాటలు మధ్యలో తెగడం లేదు.

రాయిస్ మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాడు. లేని బ్రేకుని పాదంతో తొక్కాడు. “ఇక్కడ కాస్త పెంచొచ్చు” అన్నాడు. “ఎడమకి” అన్నాడు. గేటొస్తే విడుదల దొరికినవాడిలా దిగి పరిగెత్తాడు. ఎదురు బండి వచ్చినప్పుడు అలవాటుగా వేలెత్తాడు. అవతలివాడు లొరీన్ వైపు చూసి తల తిప్పి మరీ చూస్తూ పోయాడు. లొరీన్ స్టీరింగు మీంచి వేలెత్తింది.

వ్యాయామం చేయించే అమ్మాయి కాలెత్తి చూసి, “ఊఁ, ఇవాళ నయం” అంది. ఇంటికొచ్చాక లొరీన్ పడుకుంది. కాని రాత్రి భోజనానికి లేచి వచ్చింది.

శనివారం పొద్దున మేతకి వెళ్లడానికి రాయిస్ బండెక్కాడు. మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకుని, టోపీ కింద పడింది. ఏదో గొణుక్కుని సీటు వెనక్కి నెట్టాడు. మేత వేసి వచ్చేదాకా దాని ఊసెత్తలేదు. పెరట్లో బండి ఆపాక దిగకుండా కూర్చున్నాడు.

“మీ అమ్మ ఎక్కడికో వెళ్తానంది కదా ఇవాళ?”

“పెదనాన్న వాళ్లింటికి. గుడ్లివ్వడానికి” అంది పక్క సీట్లోంచి ఆర్డిస్. “ఒక్కతే వెళ్తానంది.”

“బస్తాలు వెనకే ఉన్నాయిగా?”

“ఉన్నాయి.”

రాయిస్ కిందికి వంగి మీట పట్టుకుని సీటు ముందుకి లాగాడు. స్టీరింగు పొట్టకి తగిలింది. ఇంకొంచెం లాగాడు. మోకాళ్లు రెండు వైపులా పొడుచుకొచ్చాయి. అలాగే ఇరుక్కుని చెయ్యి పైకెత్తి అద్దం వంచాడు. అందులో అతనికి తన చొక్కా గుండీలు తప్ప ఏమీ కనిపించడం లేదని ఆర్డిస్‌కి తెలుసు.

“ఇంతేనా?” అన్నాడు.

ఆర్డిస్ తల వంచి, తల్లి కళ్లు ఎక్కడ ఉంటాయో అక్కడికి తన కళ్లు తెచ్చి చూసింది.

“ఇంకాస్త కిందికి” అంది.